నెల సరుకుల చిట్టాలో ఏది మార్చాలి, దేని జోలికి పోనక్కర్లేదు

కిరాణా కొట్లో ఇవాళ ప్రతి సరుకూ రెండు రకాలుగా దొరుకుతోంది. మామూలు బియ్యం పక్కన దంపుడు బియ్యం, పంచదార పక్కన బెల్లంపొడి, ఉప్పు పక్కన పింక్ సాల్ట్, పామోలిన్ పక్కన గానుగ నూనె. రెండోదానికి ఎప్పుడూ ధర ఎక్కువే. దాని ప్యాకెట్ మీద ఆరోగ్యం అన్న మాట ఎక్కడో ఒకచోట ఉండనే ఉంటుంది. జీతం రాగానే సరుకులకింత అని పక్కన పెట్టుకునే ఇంట్లో అన్నీ మార్చడం కుదిరే పని కాదు. అందుకే ఏ మార్పుకి పెట్టిన డబ్బు ఒంటికి పడుతుందో, ఏది ఊరికే పోతుందో తేల్చుకోవాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పంచదార మానేసి బెల్లం, మామూలు ఉప్పు మానేసి పింక్ ఉప్పు, ఇలా ఒకటి తీసి దాని జాతిదే ఇంకోటి తెచ్చుకుంటే ఒరిగేది తక్కువ. చిట్టాలో బియ్యం, నూనె, పంచదార ఎదురుగా ఉన్న అంకెలు తగ్గించి పప్పులు, పల్లీలు, గుడ్ల ఎదురుగా ఉన్నవి పెంచితే మాత్రం తేడా తెలుస్తుంది. దానికి ఖరీదైన ప్యాకెట్లు కూడా అక్కర్లేదు.

ముందు మీ చిట్టా కొలవండి

హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో భారతీయుల కోసం కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజుకి 2000 కేలరీలు కావలసిన మనిషి పళ్ళెంలో ఏది ఎంత ఉండాలో అందులో గ్రాముల్లో చెప్పారు. ధాన్యాలు 250, పప్పులూ గుడ్లూ మాంసమూ కలిపి 85, ఆకుకూరలతో సహా కూరగాయలు 400, పండ్లు 100, పల్లీలూ నువ్వుల్లాంటి గింజలు 35, నూనె నెయ్యి కలిపి 27, పాలూ పెరుగూ 300 మిల్లీలీటర్లు.

రోజు లెక్క చూస్తే ఇందులో వింతేమీ కనపడదు. నలుగురు పెద్దవాళ్ళున్న ఇంటికి 30 రోజులకి లెక్కగట్టండి. ధాన్యాలన్నీ కలిపి 30 కిలోలు. పప్పులు, గుడ్లు, మాంసం కలిపి పది కిలోల పైన. గింజలు నాలుగు కిలోలు. నూనె మూడున్నర లీటర్లు.

ఇప్పుడు మన ఇళ్ళలో మామూలుగా రాసే చిట్టా పక్కన పెట్టి చూడండి. బియ్యం 25 కిలోల బస్తా ఒకటి. దానికి తోడు ఇడ్లీ రవ్వ, బొంబాయి రవ్వ, అటుకులు, సేమియా, గోధుమపిండి. ధాన్యాలే 35 కిలోలు దాటిపోతాయి. కందిపప్పు రెండు కిలోలు, మినప్పప్పు కిలోన్నర, శనగపప్పు అరకిలో, పోపులోకి ఇంకాస్త. మాంసాహారులైతే ఆదివారం కోడి. పల్లీలు చట్నీకి ఒక కిలో. నూనె ఐదు లీటర్ల డబ్బా. బియ్యంలో ఏ రకం కొన్నారు, నూనెలో ఏ కంపెనీ కొన్నారు అన్నదాని కన్నా ఈ తూకాల్లో ఉన్న ఎగుడుదిగుడే ఒంటి మీద ఎక్కువ ప్రభావం చూపిస్తుంది. పిల్లలుంటే లెక్క తగ్గుతుంది, ఒళ్ళొంచి పనిచేసేవాళ్ళుంటే పెరుగుతుంది. తూకాల మధ్య నిష్పత్తి మాత్రం అదే.

బియ్యం: రకం, పాలిష్, తూకం

మనకి సన్నబియ్యమంటే ముందు గుర్తొచ్చేది బీపీటీ. బాపట్లలో తయారై 1986లో బయటికొచ్చిన సాంబ మసూరి అది. రుచిలో దానికి తిరుగులేదు. రక్తంలో చక్కెర త్వరగా పెరగకూడదనుకునేవాళ్ళకి రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం 2015లో విడుదల చేసిన ఆర్‌ఎన్‌ఆర్ 15048, అంటే తెలంగాణ సోనా, మంచి ఎంపిక. దాని గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నాక రక్తంలో చక్కెర ఎంత త్వరగా పెరుగుతుందో చెప్పే అంకె, 51 చుట్టూ ఉంది. మామూలు తెల్ల బియ్యాలు చాలావాటికి అది 70 దరిదాపుల్లోనో పైనో ఉంటుంది. సన్నగా, మెత్తగా ఉండే రకమే కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళు కూడా వంక పెట్టరు. మిల్లు దగ్గరో తెలిసిన రైతు దగ్గరో అడిగి తెచ్చుకుంటే ధరలో పెద్ద తేడా ఉండదు.

కానీ కొన్ని బస్తాల మీద షుగర్ ఫ్రీ రైస్ అని అచ్చేస్తున్నారు. అలాంటి బియ్యం ఎక్కడా లేదు. ఏ బియ్యమైనా అరిగాక గ్లూకోజే అవుతుంది, నెమ్మదిగా అవుతుందా గబగబా అవుతుందా అన్నదే తేడా. ఆ పేరు నమ్మి రెండు ముద్దలు ఎక్కువ తింటే తక్కువ ఇండెక్స్ వల్ల వచ్చిన లాభం అక్కడికక్కడే పోయినట్టు.

దంపుడు బియ్యంలో పీచూ బి విటమిన్లూ పాలిష్ బియ్యం కన్నా ఎక్కువ, నిజమే. అయితే ఆ పీచు 100 గ్రాములకి నాలుగున్నర గ్రాములు. జొన్నల్లో, సజ్జల్లో, రాగుల్లో పది, పదకొండు గ్రాములుంటుంది. దంపుడు బియ్యం ఉడకడానికి టైము పడుతుంది, తవుడులో నూనె ఉంటుంది గనక ఎక్కువ రోజులు నిలవ ఉంచితే కంపు కొడుతుంది. ఇంట్లో అందరూ ఇష్టంగా తింటుంటే మానొద్దు. ఎవరూ తినక మిగిలిపోతుంటే, మూడుపూటలా ఆ అన్నంతో కుస్తీ పట్టే కన్నా తెల్లన్నమే తగ్గించి ఒకపూట జొన్నరొట్టెకో రాగి సంకటికో మారడం తేలిక.

ఉప్పుడు బియ్యాన్ని మనం చిన్నచూపు చూస్తాం గానీ, వడ్లని ఉడకబెట్టి ఆరబెట్టి ఆ తర్వాత మరపట్టడం వల్ల పైపొరలో ఉన్న బి విటమిన్లు కొంత గింజలోకి దిగుతాయి. పాలిష్ పట్టినా అవి నిలుస్తాయి. ఇడ్లీ రవ్వ తయారయ్యేది ఆ బియ్యంతోనే.

రేషన్ బియ్యం గురించి ఒక మాట చెప్పాలి. కడిగేటప్పుడు నీళ్ళ మీద తేలిన గింజలు చూసి ప్లాస్టిక్ బియ్యమని పారబోసిన ఇళ్ళు చాలా ఉన్నాయి. అవి ప్లాస్టిక్ కాదు. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ ఆమ్లం, బి12 కలిపి బియ్యపు గింజ ఆకారంలో ఒత్తినవి. వంద గింజలకి ఒకటి చొప్పున కలిపినవి. రక్తహీనత ఉన్న ఇంట్లో పారేయకూడనివే అవి. తలసీమియా లాంటి రక్తవ్యాధి ఉన్నవాళ్ళు మాత్రం డాక్టరుని అడిగి వాడాలి.

చిరుధాన్యాల్లో దేనికి ఏది

2023ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక సూపర్‌మార్కెట్లలో వీటికి ఒక అర వెలిసింది, ధరా పెరిగింది. ఏదో ఒకటి కొనడం కాదు, ఎందుకు కొంటున్నామో చూసుకుని కొనాలి.

సున్నం, అంటే కాల్షియం, కావాలంటే రాగులు. 100 గ్రాముల్లో 360 మిల్లీగ్రాముల పైన ఉంటుంది. పాలు అరగని పెద్దవాళ్ళకి, ఎదిగే పిల్లలకి ఇంత చవగ్గా దొరికే దారి ఇంకోటి లేదు. రాయలసీమలో సంకటి, కోస్తాలో జావ, ఏ రూపంలోనైనా సరే. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెట్టి ఆడించుకుంటే అందులోని సున్నం, ఐరన్ ఒంటికి ఇంకాస్త బాగా పడతాయి. ఐరన్ కోసమైతే సజ్జలు, వంద గ్రాములకి ఆరు మిల్లీగ్రాముల పైమాటే. రోజూ తినడానికి ఒంటికి పట్టేవి జొన్నలు. కొర్రలు, సామలు అన్నంలా వండుకోవచ్చు గనక అన్నం లేనిదే భోంచేసినట్టుండని వాళ్ళకి పనికొస్తాయి.

కొర్రలు కొనేటప్పుడు గుప్పెట్లోకి తీసుకుని వెలుతుర్లో చూడండి. పైపొట్టు తీసి అక్కడితో ఆగినవి లేత పసుపు రంగులో, కాస్త మసకగా ఉంటాయి. అరచేతుల మధ్య నలిపితే సన్నటి పొడి అంటుకుంటుంది. తెల్లగా, నున్నగా మెరుస్తున్నాయంటే పాలిష్ పట్టారన్నమాట, పీచులో చాలా భాగం తవుడుతో పోయింది. రెట్టింపు ధర పెట్టి పాలిష్ కొర్రలు కొనే కన్నా మామూలు బియ్యమే కొనుక్కుని మిగిలిన డబ్బుకి పెసలు తెచ్చుకోవచ్చు. ఇక సజ్జపిండి ఎప్పుడూ కొద్దికొద్దిగానే ఆడించుకోవాలి, కొన్నాళ్ళకే చేదెక్కుతుంది. ఎప్పుడు ఆడించారో తెలియని ప్యాకెట్ పిండితో రొట్టె చేసి, చేదుగా ఉందని సజ్జలనే మానేసినవాళ్ళని చూశాను.

ఓట్స్ సంగతి అడుగుతారు కాబట్టి: వాటిలోని బీటా గ్లూకాన్ అనే పీచు కొలెస్టరాల్ తగ్గిస్తుంది, అది రుజువైన విషయం. కొనాలనుకుంటే ఏమీ కలపని సాదా ఓట్స్ కొనండి. మసాలా ఓట్స్ ప్యాకెట్లలో ఉప్పు దండిగా ఉంటుంది. జొన్నలు దొరికే ఊళ్ళో ఓట్స్ లేకపోతే ఆరోగ్యం లేదనుకోనక్కర్లేదు.

పప్పులు: డబ్బు ఇక్కడ పెట్టండి

65 కిలోల మగవాడికి రోజుకి 54 గ్రాములు, 55 కిలోల ఆడమనిషికి 46 గ్రాముల మాంసకృత్తులు, అంటే ప్రోటీన్, కావాలని లెక్క. 100 గ్రాముల పచ్చి కందిపప్పులో సుమారు 22 గ్రాములున్నాయి. మరి రోజూ పప్పు తింటున్నాం కదా అంటారు. ఎంత తింటున్నామో చూడాలి. నలుగురికి పప్పుచారు పెట్టాలంటే చిన్న గ్లాసుడు పప్పు, ఓ వంద గ్రాములు, కుక్కర్లో పడుతుంది. మనిషికి పాతిక గ్రాములు. అంటే ఐదారు గ్రాముల మాంసకృత్తులు. ఆ పప్పే చారులా పల్చన చేయకుండా, పాలకూరో తోటకూరో గోంగూరో వేసి రెండు వందల గ్రాముల పప్పుతో చిక్కగా వండితే రెట్టింపు అందుతుంది. అన్నం కూడా దానంతటదే తగ్గుతుంది. పల్చటి చారు కలుపుకోవాలంటే అన్నం ఎక్కువ కావాలి, ముద్దపప్పుకి కొంచెం చాలు.

మాంసకృత్తులు అమైనో ఆమ్లాలనే ముక్కలతో తయారవుతాయి. అన్నంలో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పులో అది పుష్కలం. పప్పులో తక్కువగా ఉండే మెథియోనిన్ అన్నంలో దొరుకుతుంది. పప్పన్నం, ఇడ్లీ, పొంగలి, మూడూ ఈ జోడీలే.

పప్పుల్లో ఏది అంటే, మాంసకృత్తుల విషయంలో కంది, పెసర, మినప, శనగ అన్నీ 21 నుంచి 24 గ్రాముల మధ్యే. కాబట్టి కందిపప్పు ధర మండిపోతున్న నెలలో పెసరపప్పుకి మారితే పోయేదేమీ లేదు, తేలిగ్గా అరుగుతుంది కూడా. అసలు తేడా పొట్టు దగ్గర వస్తుంది. పొట్టుతో ఉన్న పెసల్లో పీచు 17 గ్రాముల దాకా ఉంటే, పొట్టు తీసిన పెసరపప్పులో తొమ్మిది. మినుముల సంగతీ అంతే. వారంలో రెండు రోజులు దోసె బదులు పెసరట్టు వేస్తే చాలు. దోసెపిండిలో మూడు వంతులు బియ్యం, ఒక వంతు మినప్పప్పు. పెసరట్టుకి నానబెట్టేవి దాదాపు అన్నీ పెసలే, కరకరలాడడానికి గుప్పెడు బియ్యం. రెండూ పెనం మీద అట్లే గానీ పొద్దున పదింటికల్లా మళ్ళీ ఆకలేస్తుందా లేదా అన్నదాంట్లో తేడా తెలిసిపోతుంది.

ఉలవల్ని చాలామంది మరిచిపోయారు. మాంసకృత్తులు కందిపప్పుతో సమానం, ఐరన్ వంద గ్రాములకి ఎనిమిది మిల్లీగ్రాముల పైన, ధర సాధారణంగా కందిపప్పు కన్నా తక్కువ. కృష్ణా, గుంటూరు వైపు ఉలవచారు ఎలాగూ ఉంది. కానీ చారు కోసం ఉడకబెట్టిన ఉలవల్ని పారేయకుండా గుగ్గిళ్ళుగా తాలింపు వేసుకు తింటేనే పూర్తి ఫలితం. తెలంగాణలో గుడాలంటారే, అవే. బొబ్బర్లు (అలసందలన్నా అవే), నల్ల శనగలూ అంతే. నిమ్మకాయ పిండుకుని తింటే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే సరిగా పట్టదు, గంట ఆగాలి.

పల్లీలా, బాదమా

కిలో బాదం ధర పెడితే నాలుగు కిలోల పల్లీలు వస్తాయి. మాంసకృత్తులు చూస్తే పల్లీల్లోనే ఎక్కువ, 100 గ్రాములకి 23 గ్రాముల పైన. బాదంలో 18 నుంచి 21. సున్నం, విటమిన్ ఇ బాదంలో ఎక్కువ. ఆ సున్నం మాటకొస్తే, నువ్వులు బాదాన్ని ఎన్నో రెట్లు మించిపోతాయి. పల్లీలూ నువ్వులూ కలిపి కొంటే బాదం అవసరం దాదాపు తీరినట్టే. డబ్బులున్నవాళ్ళు బాదం తినొద్దని కాదు. పిల్లాడికి రోజూ నాలుగు బాదం గింజలు లెక్కపెట్టి ఇచ్చి అక్కడితో ఆగిపోయే ఇంట్లో, గుప్పెడు ఉడకబెట్టిన వేరుశనక్కాయలు పెడితే ఆ పిల్లాడికి ఎక్కువ బలం.

పల్లీల్లో ఒక్క జాగ్రత్త. ముడుచుకుపోయినవి, నల్లబడినవి, బూజు వాసన వచ్చేవి ఏరి పారేయాలి. వాటిలో పెరిగే బూజు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది, అది కాలేయానికి చేటు. వేయించినంత మాత్రాన పూర్తిగా పోదు. అందుకే లూజుగా కొన్నా సరే, చేటలో పోసి ఏరుకున్నాకే డబ్బాలోకి ఎత్తండి.

సాయంత్రం తినడానికి బిస్కెట్ ప్యాకెట్ల స్థానంలో పుట్నాలు రాసుకోండి. మల్టీగ్రెయిన్ అని రాసిన బిస్కెట్ ప్యాకెట్ వెనక్కి తిప్పి చూస్తే, బరువులో ఏది ఎక్కువో అది ముందు వచ్చేలా దినుసులు వరసగా ఉంటాయి. ముందు మైదా, తర్వాత పంచదార, పామాయిల్ ఉంటే, ఆ మల్టీగ్రెయిన్ ఎక్కడో చివర చిటికెడు ఉన్నట్టు.

నూనె, బెల్లం, ఉప్పు

నూనెలన్నీ గ్రాముకి తొమ్మిది కేలరీలే, గానుగలో ఆడినా ఫ్యాక్టరీలో తీసినా. తేడా కొవ్వు రకంలో ఉంది. పామోలిన్‌లో 40 శాతానికి పైనే సంతృప్త కొవ్వు, అంటే కొలెస్టరాల్ పెంచే రకం. వేరుశనగ నూనెలో 20 శాతం దాకా. సన్‌ఫ్లవర్‌లో ఇంకా తక్కువ. గుండెజబ్బు, కొలెస్టరాల్ ఉన్న ఇంట్లో పామోలిన్ నుంచి వేరుశనగ నూనెకో తవుడు నూనెకో మారడానికి డబ్బు పెట్టొచ్చు. రెండు మూడు రకాలు నెలనెలా మార్చి వాడుకుంటే ఇంకా మంచిది. ప్యాకెట్ మీద వేరుశనగ బొమ్మ ఉన్నా వెనక బ్లెండెడ్ అని ఉందేమో చూడండి, ఏ నూనె ఎంత శాతం కలిపారో రాసి తీరాలి. గానుగ నూనెకి రుచి, వాసన బాగుంటాయి, కానీ ధర బాగా ఎక్కువ. ఐదు లీటర్ల పామోలిన్ వాడే ఇల్లు మూడు లీటర్ల గానుగ నూనెతో సరిపెట్టుకోగలిగితే ఆ ఖర్చు సబబే. ఐదుకి ఐదు లీటర్లూ వాడితే మాత్రం కాదు.

బెల్లంలో ఐరన్ ఉంది, వంద గ్రాములకి నాలుగైదు మిల్లీగ్రాములు. టీలో వేసే పది గ్రాముల బెల్లంతో అర మిల్లీగ్రాము వస్తుంది. ఆడవాళ్ళకి రోజుకి కావలసింది 29. షుగర్ ఉన్నవాళ్ళకి బెల్లం, పంచదార, తేనె మూడూ ఒకటే. రుచి నచ్చి బెల్లం వాడుకోండి, మందనుకుని వాడకండి. మనిషికి రోజుకి 25 గ్రాములు మించకూడదనుకుంటే నలుగురికి నెలకి మూడు కిలోలు, అందులోనే బిస్కెట్లు, కూల్‌డ్రింకులు, స్వీట్లలో ఉన్నదీ కలవాలి. పిల్లలకి పాలల్లో కలిపే చాక్లెట్ పొడులు కూడా ఈ లెక్కలోకే వస్తాయి. వాటిని హెల్త్ డ్రింకులనే పేరు కింద అమ్మొద్దని కేంద్రం 2024 ఏప్రిల్‌లో ఆన్‌లైన్ అంగళ్ళకి చెప్పింది. ఆ డబ్బా డబ్బుతో రాగిపిండి ఎంత వస్తుందో మీరే చూసుకోండి.

ఉప్పు మనిషికి రోజుకి ఐదు గ్రాముల లోపు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. నలుగురికి నెలకి 600 గ్రాములు. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయల్లో ఉన్నదీ ఇందులోనే. మన ఇళ్ళలో ఉప్పు రకం మార్చడం కాదు, రెండోసారి వడ్డించుకునే పచ్చడిని తగ్గించుకోవాలి. పింక్ సాల్ట్‌లో అయోడిన్ చాలావరకు కలపరు. గర్భిణులు, చిన్నపిల్లలు ఉన్న ఇంట్లో మామూలు అయోడైజ్డ్ ఉప్పే వాడాలి.

మార్చేటప్పుడు

అన్నీ ఒకే నెలలో మార్చకండి. పీచు ఒక్కసారిగా పెరిగితే కడుపుబ్బరం వస్తుంది, ఇంట్లోవాళ్ళు ఉలవల్ని తిట్టుకుంటారు. మొదటి నెల బియ్యం ఐదు కిలోలు తగ్గించి, ఆ డబ్బుకి పెసలు, నల్ల శనగలు తెచ్చుకోండి. గుడ్లు తినేవాళ్ళయితే 30 గుడ్ల అట్టలు రెండు చేర్చండి, ఒక్కో గుడ్డులో ఆరేడు గ్రాముల మాంసకృత్తులున్నాయి. రెండో నెల నూనె ఒక లీటరు తగ్గించి పల్లీలు, నువ్వులు పెంచండి. జొన్నలో రాగులో ఏదో ఒక్కటే మొదలుపెట్టి, ఇల్లంతా అలవాటు పడ్డాక రెండోదానికి వెళ్ళండి.

షుగర్‌కి మాత్రలో ఇన్సులినో వాడుతున్నవాళ్ళు అన్నం బాగా తగ్గించే ముందు డాక్టరుకి చెప్పాలి. మందు పాత మోతాదులోనే ఉండి అన్నం తగ్గితే చక్కెర పడిపోయి కళ్ళు తిరుగుతాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి పైన చెప్పిన పప్పుల లెక్క వర్తించదు, వాళ్ళకి మాంసకృత్తులు ఎంత ఉండాలో డాక్టరే చెప్పాలి. సోడియం తక్కువ అని అమ్మే ఉప్పు కూడా వాళ్ళు కొనకూడదు. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది, పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేకపోతే గుండెకే ప్రమాదం.